నవ్వే బొమ్మ మీద వేలు

ఖమ్మం,
12 జూలై 2004

వదినా,

శనివారం చీకటి పడేలోపే రూముకు చేరాను. పాల్వంచలో బస్సు ఆలస్యమైనా కూర్చోవడానికి సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలు నేనూ హేమ్లీ పంచుకుని తిన్నాము. హేమ్లి అంటే ఇల్లందు దగ్గరి తండా అమ్మాయి, నాతోపాటే సర్వే పని చేస్తుంది. మా ఇంటి ఓనరమ్మ మాత్రం ఇద్దరం ఏ భాషలో మాట్లాడుకున్నా తలుపు దగ్గరకొచ్చి వింటుంది. తెలుగులోనే మాట్లాడుకుంటున్నామని తెలిశాక నిరాశగా వెళ్ళిపోతుంది.

ఆ రోజు కర్ర కొట్టే క్యాంపులో మీ అందరినీ కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నల గురించి ఈ ఉత్తరం. మేస్త్రీ తొందరపెడుతుంటే నీకు ఏమీ సరిగ్గా చెప్పలేకపోయాను. పని చేసేవాళ్ళు తమ పని గురించి ఏమనుకుంటున్నారో, ఆ పనిలో భయం లేకుండా మర్యాదగా బతకగలుగుతున్నారో లేదో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నారట. మా సంస్థ ఇక్కడ తెలుగులో, లంబాడీలో, మన కోయ మాటలో అడుగుతోంది. వాటిని మన మాటలోకి మార్చింది నేనే. ‘గౌరవంగా బతకనిచ్చే పని’ అనడానికి మనకు సరైన మాట దొరక్క చాలా రోజులు కొట్టుకున్నాను. చివరికి ‘మంచి పని’ అని అర్థం వచ్చేలా పెట్టాను. చదువు రానివాళ్ళ కోసం ఐదు మొహాల బొమ్మలున్న అట్ట చూపించాను కదా, ఒక చివర ఏడుపు మొహం, ఇంకో చివర నవ్వు మొహం. మనసులో ఉన్నదాని మీద వేలు పెట్టమన్నాను.

మీరంతా నవ్వే బొమ్మ మీదే వేలు పెట్టారు వదినా. పక్క క్యాంపులో మనవాళ్ళు కూడా అంతే. తెలుగువాళ్ళు, తండావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఇవాళ జయప్రకాశ్ సారు నన్ను పిలిచి, గొంతు పెంచకుండానే, “మీవాళ్ళు అంత సుఖంగా ఉన్నారా పుష్పలతా, లేకపోతే నువ్వు ఊరికి పోకుండా రూంలో కూర్చుని నింపావా?” అని అడిగారు. సంగతేమిటో తేల్చి చెప్పకపోతే తర్వాతి విడతకు నన్ను తీసుకోరు.

నువ్వు టెన్త్ దాకా చదివావు, అక్కడే ఉన్నావు. నా ప్రశ్నలో తప్పేమిటో రాయి. అన్న కూడా ఆ బొమ్మే చూపించాడు. దుంగ మీద కూర్చుని, మోకాళ్ళ నుంచి పాదాల దాకా తువ్వాలు పరుచుకుని, నేను వెళ్తున్నానని చెప్పినా లేవలేదు. మామూలుగా అయితే బస్సు దాకా వచ్చేవాడు. నా మీద ఏమైనా కోపమా?

నీ పుష్ప


మద్దిగుంపు,
24 జూలై 2004

పుష్పా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు వదలడం లేదు. ఇంటి వెనక వైపు గడ్డి కుళ్ళి కారుతోంది. మక్కచేను మీద కోతులు పడుతుంటే పొద్దుటి పూట నేను కాపలా ఉండి, తర్వాత క్యాంపుకు పోయి జామాయిల్ కర్రకు తొక్క తీస్తున్నాను.

నువ్వు అడిగినదానికి నాకు తెలిసింది రాస్తాను. నువ్వు వెళ్ళిన రోజు నుంచి అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, పర్మినెంటు ఉద్యోగాలు ఎప్పుడు వస్తాయని. నవ్వే బొమ్మ చూపించినవాళ్ళకు పని ఇష్టమున్నట్టు లెక్క కాబట్టి వాళ్ళను కర్ర కొనే కంపెనీలో పెట్టుకుంటారని ఎవరు పుట్టించారో గాని మన గుంపులో ఇంటింటా నమ్మారు. దూలయ్య మామ వాచ్‌మన్ పని అయితే చాలంటున్నాడు. నాతోపాటు తొక్క తీసే జంపక్కను నేను విడిగా అడిగాను. “ఏడ్శే మొకం మీద ఏలు వెడ్తె ఇంటికి మంచిది గాదు బిడ్డా” అంది.

నీ ‘మంచి పని’ సంగతి కూడా మామను అడిగాను. దొంగతనం చేయడం లేదు, ఎవరి కడుపూ కొట్టడం లేదు, అందుకే మంచి పనే అన్నానన్నాడు. మా అందరికీ అలాగే అర్థమైంది.

మీ అన్నకు నీ మీద కోపమెందుకు ఉంటుంది? వానకు ఒళ్ళు నొప్పులు, అంతే. పనికి పోతూనే ఉన్నాడు. వానలు తగ్గేదాకా నిన్ను రావద్దని చెప్పమన్నాడు, దారి బాగాలేదు.

మేస్త్రీ మాత్రం నన్ను ఆపి, ఆ పిల్ల ఏమేం రాసుకుపోయిందని అడిగాడు. తిండి గురించి, నీళ్ళ గురించి అడిగిందని చెప్పి తప్పించుకున్నాను. ఇంకోసారి వస్తే క్యాంపులో కాకుండా ఇంటి దగ్గర కూర్చుందాము.

ప్రమీల


ఖమ్మం,
3 ఆగస్టు 2004

వదినా,

నీ ఉత్తరం చదివాను. మా సంస్థ ఎవరికీ ఉద్యోగాలు ఇవ్వదు. అడిగి, రాసుకుని, పుస్తకం వేస్తుంది, అంతే. ఈ మాట దూలయ్య మామకు నువ్వే మెల్లగా చెప్పు. నేను ఆశ పెట్టి మోసం చేశానని అనుకుంటారేమోనని భయంగా ఉంది.

నీ ఉత్తరంలో ఉన్నదంతా జయప్రకాశ్ సారుకు చెప్పాను. ఆయనకు నా మీద అనుమానం పోయింది. హేమ్లీ నేనూ రెండు రోజులు కూర్చుని ప్రశ్న మార్చాము. ‘ఇది మంచి పనేనా’ అని కాకుండా, ‘నీ తమ్ముణ్ణో చెల్లెలినో ఈ పనికి రమ్మంటావా’ అని అడగాలనుకుంటున్నాము. హేమ్లి తమ తండాలో అడిగి చూస్తే ఇదివరకు నవ్వే బొమ్మ చూపించిన ఒకావిడ ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయిందట.

సారు నాతోపాటు పదహారో తారీఖున మన క్యాంపుకు వస్తారు. మేస్త్రీ అడ్డు పడకుండా ముందే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, మీ మేస్త్రీ కూలీలను ప్రశ్నిస్తున్నాడట, అలా చేయవద్దని గట్టిగా చెప్పారు. కాబట్టి ఇక నువ్వు భయపడాల్సిన పని లేదు.

ఒక సంగతి అడుగుతాను, దాచకు. హేమ్లి వాళ్ళ బాబాయి కర్ర లారీ నడుపుతాడు. వానలకు ముందు లోడింగులో మద్దిగుంపు మనిషికి దెబ్బ తగిలిందని చెప్పాడు. పేరు తెలియదన్నాడు. ఎవరు వదినా?

నీ పుష్ప


మద్దిగుంపు,
14 ఆగస్టు 2004

పుష్పా,

నువ్వు ఎందుకు చెప్పావు? నేను నీకు రాసింది నీకోసం. మీ సారుకు వినిపించి, ఆయన కాంట్రాక్టరుకు వినిపిస్తాడని తెలిస్తే ఆ ముక్క రాసేదాన్నే కాదు.

మొన్న కాంట్రాక్టరు మనిషి జీపు వేసుకుని వచ్చాడు. మేస్త్రీ మీద చాడీలు చెప్పిందెవరని అందరినీ నిలబెట్టి అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. జంపక్కనూ ఇంకొకామెనూ సోమవారం నుంచి రావద్దన్నారు. వాళ్ళు ఏమీ అనలేదు, అన్నది నేను. జంపక్క నా మొహంలోకి చూడకుండా సద్దిగిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నేను చెప్పానని ఒప్పుకుందామని ముందుకు అడుగు వేస్తే మీ అన్న నా చేయి పట్టుకుని ఆపాడు.

ఈ అడవిలో ఇన్ని గుంపులుంటే మీ ఆఫీసుకు మేమే దొరికామా? పదహారుకు నువ్వు రావద్దు, మీ సారు అసలే రావద్దు. మీ అన్న మాట కూడా ఇదే.

దెబ్బ తగిలింది వేరే గుంపు అతనికి. పాత సంగతి. దాన్ని తవ్వకు.

ప్రమీల


ఖమ్మం,
21 ఆగస్టు 2004

వదినా,

మేము రావడం మానుకున్నాము. జంపక్కకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. సారు కూడా తల పట్టుకున్నారు. ఆయన మంచి చేద్దామనే ఫోన్ చేశారు, నేనూ మంచి జరుగుతుందనే చెప్పాను. మీ దగ్గర అది ఎలా పడుతుందో ఇద్దరికీ తోచలేదు.

అమ్మ పోయాక నన్ను చదివించింది మీరిద్దరే. నువ్వు తిట్టు, పడతాను. కానీ అన్న కూడా రావద్దన్నాడని రాశావే, అది మింగుడు పడటం లేదు. నాతో మాట్లాడటానికి కూడా ఇష్టం లేదా? ఒక్క ముక్క రాయించు.

నీ పుష్ప


ఖమ్మం,
6 సెప్టెంబరు 2004

వదినా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, మెట్లు దిగి వెళ్తున్నాను. ఓనరమ్మ నవ్వుతోంది, ఎవరి ఉత్తరం కోసమో అని.

హేమ్లి వాళ్ళ బాబాయి మొన్న ఆఫీసుకు వచ్చాడు. మీ అన్న రాంబాబు వారం రోజులుగా క్యాంపులో కనిపించడం లేదన్నాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. నా వల్ల అన్న పని కూడా పోయిందన్నమాట. అందుకే నువ్వు రాయడం లేదు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ వారంలో కాంట్రాక్టరు ఇంటికి వెళ్తాను. తప్పు నాదేనని, మా అన్నకు ఏమీ తెలియదని చెప్పి ఆయన కాళ్ళు పట్టుకుంటాను. ఈ సర్వే పని మానేశానని చెప్తే నమ్ముతాడేమో. నువ్వు వద్దన్నా వెళ్తాను.

పుష్ప


కొత్తగూడెం దవాఖానా,
9 సెప్టెంబరు 2004

పుష్పా,

నువ్వు ఎక్కడికీ పోవద్దు. కాంట్రాక్టరు దగ్గరకు అసలే పోవద్దు. ఈ ఉత్తరం అందగానే ఇక్కడికి రా. నీ ఆఫీసు ఫోన్ నంబరు ఇంట్లోనే ఉండిపోయింది. హేమ్లి వాళ్ళ బాబాయి ఇవాళ కొత్తగూడెం లారీ తెచ్చాడు, దవాఖానా ముందు నన్ను చూసి, నువ్వు తన చేతికిచ్చి పంపిన ఉత్తరం అందించాడు. ఆయన చేతికే ఇది ఇస్తున్నాను.

దెబ్బ తగిలింది మీ అన్నకే. జూన్‌లో లోడింగ్ చేస్తుంటే పైనుంచి దుంగ జారి కుడికాలి మీద పడింది. వేళ్ళు నలిగాయి. పసరు కట్టు కట్టుకుని, పైన గోనెపట్టా చుట్టుకుని పనికి పోయాడు. పోకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. నువ్వు వచ్చిన రోజు తువ్వాలు కప్పింది ఆ కాలు నీకు కనబడకూడదనే. నీకు చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు కోసం నీకు అన్ని అబద్ధాలు రాశాను.

ఆ రాత్రి నేను పోట్లాడాను. కాలు కుళ్ళుతుంటే నవ్వే బొమ్మ ఎలా చూపించావని అడిగాను. అప్పుడు అన్నాడు, “చెల్లె కొలువు కొత్తది. సొంత అన్ననే ఏడ్పు మొకం సూపిస్తె ఆఫీసోళ్ళు దాన్నేమంటరు? దాని దిక్కు సూశి పెట్టిన.”

వానల్లో ఆ కాలు తడిసి తడిసి చీము పట్టింది. పోయిన వారం జ్వరం వచ్చి ఒళ్ళు తెలియలేదు. దూలయ్య మామా ఇంకొందరూ మంచం మీద మోసుకొచ్చి రోడ్డు దాకా చేర్చారు. ఆ మోసినవాళ్ళలో జంపక్క కొడుకు కూడా ఉన్నాడు. తొక్క తీసేవాళ్ళు దొరకక ఆమెను మళ్ళీ పనికి పిలిచారులే, దాని గురించి దిగులు పడకు.

డాక్టరు రెండు రోజులు చూస్తానన్నాడు. మందుకు తగ్గకపోతే మడమ దాకా తీసేయాలట. మీ అన్నకు ఇంకా చెప్పలేదు. నాకు ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. రా.

ప్రమీల


ఖమ్మం,
26 సెప్టెంబరు 2004

వదినా,

నిన్ను దవాఖానాలో వదిలి వచ్చినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. రెండు వేళ్ళతో పోయింది, పాదం నిలిచింది అని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయావు. ఇప్పుడైనా నిద్రపోతున్నావా?

నువ్వు చాయ్ తేవడానికి వెళ్ళినప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. జయప్రకాశ్ సారు నాతో వచ్చారు కదా. ఆయన అన్న పక్కన స్టూలు మీద కూర్చుని, పని ఎలా ఉండేదని తెలుగులో అడిగారు. కాలికి అంత కట్టు ఉంది, చేతికి సెలైన్ ఉంది. అన్న ఏమన్నాడో తెలుసా? “మంచిగనే ఉంటది సార్.” సారు నా వైపు చూశారు. ఆయన మొహంలో కోపం లేదు. ఇన్నేళ్ళుగా తాను రాసుకున్న జవాబులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు ఉన్నారు.

అప్పుడు నేను మన మాటలో అడిగాను. అన్నా, నన్ను ఆ పనికి రమ్మంటావా అని. నువ్వెందుకు అన్నాడు. పనే కదా, నీతోపాటు లోడింగుకు వస్తాను అన్నాను. ఆటపట్టిస్తున్నానని ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.  తర్వాత అన్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“నిన్ను రానియ్య. కర్ర జారితే ఆపేటిది ఏం లేదాడ. తాడు అడిగితె రేపటికెల్లి రావద్దంటడు. పొద్దుగాల లారీ ఎక్కిన కాడికెల్లి దిగేదాంక నాకు బయమే. నాకైతె నడుస్తది. నీకు గాదు.”

మీ అన్న ఏమన్నాడని సారు నన్ను అడిగారు.  వరండాలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి చెప్పాను. ఆయన దాన్ని రాసుకోలేదు, ఊరికే విన్నారు. నా ప్రశ్నలో మాట తప్పని ఇన్నాళ్ళూ అనుకున్నాను వదినా. మాట కొంత తప్పే. కానీ అన్న జవాబు ఇచ్చింది ప్రశ్నకు కాదు, నాకు. క్యాంపులో ఒక్కొక్కరూ ఎదురుగా ఎవరున్నారో చూసి జవాబు చెప్పారు. నేను వాటిని పని గురించి ఇచ్చిన జవాబులనుకుని లెక్క వేశాను.

సారు ఈ సంగతంతా హైదరాబాద్ ఆఫీసుకు రాశారు. వాళ్ళు కోయ జవాబులు ఈసారికి పక్కన పెడదామన్నారు. పుస్తకంలో తెలుగు, లంబాడీ మాత్రమే ఉంటాయి. కొత్తల పండుగకు రాలేకపోయాను, ఈ ఏడాది కొత్త పంట తిండి నోట పెట్టకుండానే గడిచింది. ఇల్లు చేరాక రాయి. నా పని బాగానే ఉంది, దాని గురించి మీరేమీ ఆలోచించవద్దు.

నీ పుష్ప


మద్దిగుంపు,
3 నవంబరు 2004

పుష్పా,

ఇంటికి వచ్చి నెల కావస్తోంది. మీ అన్న కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాడు. మక్కలు కొన్ని చేతికొచ్చాయి, కోతులు కొన్ని తిన్నాయి. చేనులో పని నేనే చూసుకుంటున్నాను.

ఇక్కడ జరిగింది నువ్వు ఇంకెవరి నోటో వినకముందే చెప్తాను. దవాఖానాలో దెబ్బ ఎలా తగిలిందని రాసుకున్నారు కదా. దాని మీద లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన విచారణకు వస్తున్నాడని తెలిసింది. మీ సారు చెప్పి పంపారో, తనంతట తాను వచ్చాడో నాకు తెలియదు. నువ్వు చెప్పావా అని ఈసారి అడగను. చెప్పి ఉంటే చెప్పావు.

ఆయన రావడానికి ముందురోజు మేస్త్రీ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని చాలా మెత్తగా మాట్లాడాడు. సొంత చేనులో గొడ్డలి జారి కాలు తెగిందని చెప్తే చాలు, కాంట్రాక్టరు మీ అన్నకు వాచ్‌మన్ పని ఇస్తాడన్నాడు. కూర్చుని చేసే పని, కాలితో పని లేదన్నాడు. మీ అన్న సరే అన్నట్టు తల ఊపాడు. నేనూ ఏమీ అనలేదు. నిజం చెప్తున్నాను, ఆ పని వస్తే బాగుండునని నాకూ అనిపించింది.

మరుసటి రోజు గుంపంతా మన వాకిట్లో చేరింది. లేబర్ ఆఫీసు ఆయన కుర్చీలో కూర్చున్నాడు, వెనక మేస్త్రీ నిలబడ్డాడు. కాలికి దెబ్బ ఎక్కడ తగిలిందని ఆయన అడిగాడు. మీ అన్న మేస్త్రీని చూశాడు, నన్ను చూశాడు. పెదాలు తడుపుకున్నాడు.

“లారీ కాడ సార్. లోడింగుల కర్ర జారింది” అన్నాడు.

 తర్వాత దూలయ్య మామ లేచి, తాడు లేదు సారూ, అడిగితే ఇయ్యరు అన్నాడు. తనను పనిలోంచి తీసేసిన సంగతి జంపక్క చెప్పింది. ఇంకెవరూ మాట్లాడలేదు గాని, అబద్ధమని కూడా ఎవరూ అనలేదు. ఆయన అన్నీ విని వెళ్ళాడు. ఏం చేస్తాడో తెలియదు. అప్పటి నుంచి మద్దిగుంపు వాళ్ళను క్యాంపుకు పిలవడం లేదు. లోడింగుకు వేరే ఊరివాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు తాళ్ళు ఇచ్చారని జంపక్క కొడుకు చూసి వచ్చి చెప్పాడు.

మొన్న కట్టు మార్పించడానికి కొత్తగూడెం పోతే బస్టాండులో హేమ్లి కలిసింది. దవాఖానాకు వచ్చి వెళ్ళినప్పటి నుంచే నీకు పని లేదట కదా, పొద్దున పూట ఎవరి పిల్లలకో చదువు చెప్పి రూము కిరాయి కడుతున్నావట కదా. మాకు మాత్రం బాగానే ఉందని రాశావు. మీ అన్నకు చెప్పాను. ఆయన నన్ను కాగితం తీసుకుని తాను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు. కింద రాస్తున్నాను.

“చెల్లె, కాలు ఇంక పోట్లు పెడ్తంది. చెప్పు తొడిగితె నిలుస్తలేదు. నా నోటి వల్ల పని పోయిందని గుంపుల కొందరు నాతోని మాట్లాడుతలేరు. లేబర్ సారుకు జెప్పినంక నాకు రాత్రిళ్ళు నిద్ర వడ్తలేదు. తప్పు జేసిన్నా అని రోజూ అనుకుంట. మల్ల అడిగితె మల్ల అదే జెప్త. నేను ఎట్లున్న అంటే గిట్లున్న. నీకు బయమైతదని ఇన్నొద్దులు జెప్పలే. నీ సంగతి ఏంది? కడుపు నిండ తింటున్నవా, నిద్ర వడ్తందా? మంచిగున్న అని రాయకు. ఎట్లుంటె అట్లనే రాయి.”

ప్రమీల